అంగారకుడిపై నీరు ఎలాంటిది? రోవర్లకు ఖనిజాలు చెప్పిన సాక్ష్యం

అంగారకుడి నేల మీద ఈ రోజు ఒక చెంబెడు నీళ్లు పోస్తే అవి నిలవవు. అక్కడి వాయుపీడనం భూమి మీది పీడనంలో ఒక శాతం కన్నా తక్కువ. చలి కూడా తీవ్రంగా ఉంటుంది. పోసిన నీటిలో కొంత ఆవిరైపోతుంది, మిగిలింది గడ్డకడుతుంది. అయినా ఆ గ్రహం మీద ఎండిపోయిన నదుల్లాంటి గుర్తులు చాలా ఉన్నాయి. 1971 నవంబరులో అంగారకుడి కక్ష్యలోకి చేరిన మారినర్-9 వ్యోమనౌక పంపిన చిత్రాల్లో వంపులు తిరిగిన లోయలు, పాయలుగా చీలిన కాలువలు కనిపించాయి.

లోయ ఆకారాన్ని చూస్తే ఒకప్పుడు అక్కడ ప్రవాహం ఉండేదని తెలుస్తుంది. కానీ అది నాలుగు రోజుల వరదా, లక్షల ఏళ్లు పారిన నదా? ఆ నీరు మంచినీరా, ఉప్పునీరా, ఘాటైన ఆమ్లమా? అందులో సూక్ష్మజీవి బతకగలిగేదా? వీటికి లోయ ఆకారం జవాబు చెప్పలేదు. రాళ్లలోని ఖనిజాలు చెప్పగలవు. నీరు తగిలిన రాయి రసాయనికంగా మారుతుంది. ఎంత నీరు, ఎంత కాలం, ఎంత వేడి, ఎంత ఆమ్లగుణం అన్నదాన్ని బట్టి ఒక్కో పరిస్థితిలో ఒక్కో కొత్త ఖనిజం పుడుతుంది. తర్వాత నీరు పోయినా ఆ ఖనిజం మిగిలిపోతుంది.

2004 నుంచి అంగారకుడిపై తిరిగిన రోవర్లు చదువుతున్నది ఈ రాతి దస్తావేజులనే. మొదట్లో శాస్త్రవేత్తల ప్రశ్న “నీరు ఉండేదా?” అని. ఖనిజాల పరిశీలన పుణ్యమా అని ఆ ప్రశ్న ఇప్పుడు “ఎలాంటి నీరు ఉండేది?” అనే దాకా వచ్చింది. జీవానికి అనువైన గ్రహమా కాదా అన్నది తేలేది ఈ రెండో ప్రశ్న దగ్గరే.

మూలకం తెలిస్తే చాలదు

పెన్సిల్‌లోని గ్రాఫైట్, ఉంగరంలోని వజ్రం రెండూ కార్బనే. పరమాణువులు పేర్చుకున్న తీరు వేరు కాబట్టి ఒకటి కాగితం మీద గీత గీస్తుంది, రెండోది గాజును కోస్తుంది. నిర్దిష్టమైన రసాయన కూర్పు, పరమాణువుల క్రమమైన అమరిక ఉన్న సహజ పదార్థాన్ని ఖనిజం అంటారు. ఒక రాయిలో సాధారణంగా పలు ఖనిజాలు కలిసి ఉంటాయి.

అంగారకుడి విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. అక్కడి రాళ్లలో ఇనుము ఎక్కువ. అదే ఇనుము లావా చల్లారి ఏర్పడిన రాయిలో ఆలివిన్ అనే ఖనిజంలో ఉండవచ్చు. ఆక్సిజన్‌తో కలిసి హెమటైట్‌గా మారవచ్చు. గంధకం, పొటాషియంతో కలిసి జారోసైట్ కావచ్చు. మూడింటిలోనూ ఇనుము ఉంది. కానీ నీటి గురించి మూడూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి. ఇనుము ఎంత ఉందో కొలిచినంత మాత్రాన ఆ సంగతులు బయటపడవు.

1976లో దిగిన రెండు వైకింగ్ ల్యాండర్లు మట్టిలోని మూలకాలను కొలిచాయి. ఇనుము, గంధకం ఎక్కువగా ఉన్నట్లు తేలింది. ఆ పాళ్లను బట్టి మట్టిలో బంక ఖనిజాలు ఉండవచ్చని కొందరు శాస్త్రవేత్తలు భావించారు. అయితే ఖనిజాన్ని నేరుగా గుర్తించే సాధనం ఆ ల్యాండర్లలో లేదు. కాబట్టి ఆ మాట ఊహగానే ఉండిపోయింది.

ఏ ఖనిజం ఏం చెబుతుంది?

నీటి జాడ వెతికేటప్పుడు శాస్త్రవేత్తలు ముఖ్యంగా కొన్ని ఖనిజ కుటుంబాలను గమనిస్తారు.

ఆలివిన్: అగ్నిపర్వత శిల అయిన బసాల్ట్‌లో ఉండే ఆకుపచ్చని ఖనిజం. నీరు తగిలితే త్వరగా చెడిపోయి వేరే ఖనిజాలుగా మారుతుంది. ఒక చోట ఆలివిన్ చెక్కుచెదరకుండా ఉందంటే అక్కడ నీరు ఎక్కువ కాలం నిలవలేదని అర్థం. ఇది నీరు లేదని చెప్పే సాక్షి.

బంక ఖనిజాలు: బసాల్ట్ నీటిలో చాలాకాలం నానితే ఇవి పుడతాయి. వీటిలో స్మెక్టైట్ ఒక రకం. వాన పడితే ఉబ్బి, ఎండాకాలం నెర్రెలు విచ్చే మన నల్లరేగడి నేలకు ఆ గుణం ఇచ్చేది స్మెక్టైటే. దక్కన్ పీఠభూమిలో ఆ రేగడి చాలావరకు బసాల్ట్ శిథిలమై ఏర్పడినదే. సాధారణంగా స్మెక్టైట్ ఏర్పడటానికి ఆమ్లగుణం అంతగా లేని నీరు కావాలి.

సల్ఫేట్లు: గంధకం కలిసిన నీరు ఎండిపోతున్నప్పుడు మిగిలే లవణాలు. వేరుశనగ చేలకు రైతులు వేసే జిప్సం ఒక కాల్షియం సల్ఫేట్. సముద్రపు నీటిని ఉప్పు మడుల్లో ఎండబెట్టినప్పుడు ఉప్పు కన్నా ముందే జిప్సం పేరుకుంటుంది. జిప్సం తర్వాత ఎక్కువగా కరిగే లవణాలు వస్తాయి. ఈ వరుసను బట్టి నీరు ఎంతవరకు ఎండిందో చెప్పవచ్చు.

ఐరన్ ఆక్సైడ్లు: గోడలకు, అరుగులకు పూసే ఎర్రని జాజులో రంగు హెమటైట్‌దే. హెమటైట్ నీటి సాయంతోనూ పుడుతుంది, నీరు లేకుండానూ పుడుతుంది. గోథైట్ అనే మరో ఇనుప ఖనిజం నిర్మాణంలోనే హైడ్రాక్సిల్ ఉంటుంది కాబట్టి అది ఏర్పడటానికి నీరు తప్పనిసరి.

కార్బొనేట్లు: కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి, లోహాలతో కలిస్తే ఏర్పడేవి. సున్నపురాయి ఈ కుటుంబానిదే. ఆమ్లం తగిలితే ఇవి కరిగిపోతాయి. ఇవి మిగిలి ఉన్నాయంటే నీటిలో ఆమ్లగుణం ఎక్కువగా లేదని తెలుస్తుంది. ఒకనాటి వాతావరణంలోని కార్బన్ డయాక్సైడ్ ఎటు పోయిందన్న ప్రశ్నకూ వీటిలో జవాబు దొరుకుతుంది.

సిలికా: వేడినీటి బుగ్గలు, అగ్నిపర్వతపు ఆవిరి రంధ్రాల దగ్గర దాదాపు శుద్ధమైన సిలికా పేరుకుంటుంది.

ఈ పట్టికలో ఏ ఒక్క ఖనిజాన్నీ విడిగా నమ్మలేం. పక్కన ఏ ఖనిజం ఉంది, ఎంత ఉంది, రాతి పొరలో ఎక్కడ ఉంది అన్నది కూడా చూడాలి.

కక్ష్య నుంచి సూచన, నేల మీద నిర్ధారణ

రోవర్ ఎక్కడ దిగాలో ముందుగా దారి చూపేవి ఆర్బిటర్లు. సూర్యకాంతి అంగారకుడి నేలపై పడి తిరిగి వస్తున్నప్పుడు అందులోని పరారుణ కాంతిలో కొన్ని తరంగదైర్ఘ్యాలను ఖనిజాలు పీల్చుకుంటాయి. ఖనిజంలో నీటి అణువులుంటే సుమారు 1.9 మైక్రాన్ల దగ్గర కాంతి తగ్గుతుంది. అల్యూమినియంతో కలిసిన హైడ్రాక్సిల్ ఉంటే 2.2 మైక్రాన్ల దగ్గర, ఇనుము లేదా మెగ్నీషియంతో కలిసి ఉంటే 2.3 మైక్రాన్ల దగ్గర తగ్గుదల కనిపిస్తుంది. ఐరోపా పంపిన మార్స్ ఎక్స్‌ప్రెస్, నాసా పంపిన మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్ ఈ పద్ధతిలోనే బంక ఖనిజాలు, సల్ఫేట్లు ఉన్న ప్రాంతాలను గుర్తించాయి. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మంగళయాన్‌లో కూడా నేల ఉష్ణోగ్రతను, ఖనిజ కూర్పును పరిశీలించేందుకు థర్మల్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ ఉండేది.

ఈ చూపుకు పరిమితులున్నాయి. మార్స్ రికనైసెన్స్ ఆర్బిటర్‌లోని ఖనిజాల స్పెక్ట్రోమీటర్‌కు చిత్రంలోని ఒక్కో చుక్క దాదాపు 18 మీటర్ల నేలతో సమానం. ఇక ధూళి కప్పిన రాయి ఏమిటో అది చెప్పలేదు. కాంతికి కనిపించేది పైపొర మాత్రమే. రోవర్ అయితే ధూళి తుడిచి, రాతిని అరగదీసి, కావాలంటే రంధ్రం చేసి లోపల చూడగలదు.

ఆపర్చునిటీ: మిరియాలంత గోళీలు

మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే ఆర్బిటర్ మెరిడియాని మైదానంలో బూడిదరంగు హెమటైట్‌ను గుర్తించింది. హెమటైట్ నీటితోనే వచ్చిందా అన్నది తేల్చడానికి నాసా తన ఆపర్చునిటీ రోవర్‌ను 2004 జనవరి 25న అక్కడ దింపింది. అది దిగిన చోటు సుమారు 22 మీటర్ల వెడల్పున్న ఈగిల్ అనే చిన్న బిలం. దాని గోడలో పొరలు పొరలుగా రాయి బయటపడి ఉంది. రాతిలోనూ, చుట్టుపక్కల నేల మీదా మిరియం గింజంత గుండ్రని గోళీలు చెల్లాచెదురుగా కనిపించాయి. శాస్త్రవేత్తలు వాటికి సరదాగా బ్లూబెర్రీలని పేరు పెట్టారు.

ఈ గోళీలు ఎలా వచ్చాయో చెప్పడానికి మూడు దారులున్నాయి. అగ్నిపర్వతం చిమ్మిన బిందువులు చల్లారి ఉండవచ్చు. ఉల్క తాకిడికి కరిగిన రాతి చుక్కలు కావచ్చు. లేదా నీటితో తడిసిన రాతిలో ఖనిజం కొద్దికొద్దిగా పేరుకుని గోళీగా పెరిగి ఉండవచ్చు. మొదటి రెండింటిలో ఏదైనా నిజమైతే గోళీలు ఆకాశం నుంచి రాలి, కొన్ని పొరల్లోనే గుంపుగా ఉండాలి. కానీ అవి పొరలన్నిటిలో చెదిరి ఉన్నాయి. దాంతో మూడో దారికి బలం చేకూరింది.

గోళీలు హెమటైట్‌వేనా? రోవర్ చేతికి అమర్చిన మోస్‌బవర్ స్పెక్ట్రోమీటర్ ఈ పని చూసింది. జర్మనీలో తయారైన ఈ సాధనంలో కోబాల్ట్-57 అనే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. అది వెలువరించే గామా కిరణాలు రాతిలోని ఇనుముపై పడతాయి. ఆ ఇనుము ఏ ఖనిజంలో ఏ స్థితిలో ఉందో దాన్ని బట్టి తిరిగి వచ్చే సంకేతం మారుతుంది. అయితే ఒక్కో గోళీ ఈ సాధనం చూపు కన్నా చాలా చిన్నది. అందుకని రాతి మీద ఒక చిన్న గుంటలో గోళీలు కుప్పగా చేరిన చోటును శాస్త్రవేత్తలు ఎంచుకున్నారు. ఆ కుప్పను ఒకసారి, పక్కనే గోళీలు లేని రాతిని ఒకసారి కొలిచారు. రెండింటినీ పోల్చగా హెమటైట్ గోళీల్లోనే అధికంగా ఉందని తేలింది.

అదే సాధనం బిలం గోడలోని రాతిలో జారోసైట్‌ను పట్టుకుంది. ఈ ఆవిష్కరణ ప్రాధాన్యం హెమటైట్‌ను మించింది. జారోసైట్ నిర్మాణంలో హైడ్రాక్సిల్ భాగం ఉంటుంది కాబట్టి నీరు లేకుండా అది పుట్టదు. పైగా సుమారు పీహెచ్ 4 కన్నా తక్కువ, అంటే ఆమ్లగుణం బాగా ఉన్న నీటిలోనే పుడుతుంది. తర్వాత ఆమ్లగుణం లేని నీరు సమృద్ధిగా తగిలితే విచ్ఛిన్నమైపోతుంది. అంటే జారోసైట్ ఉనికి రెండు విషయాలు చెబుతోంది. అక్కడ ఆమ్ల జలం ఉండేది. అది ఎండిన తర్వాత మంచినీరు మళ్లీ పెద్దగా ఆ రాతిని తడపలేదు.

జారోసైట్ భూమి మీదా దొరుకుతుంది. గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతంలో మాతానోమఢ్ వద్ద, దక్కన్ బసాల్ట్‌లున్న చోట ఇది ఉంది. ఇస్రోకు చెందిన అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్, ఐఐటీ ఖరగ్‌పూర్, హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు దాన్ని అధ్యయనం చేసి 2016లో ఫలితాలు ప్రచురించారు. బసాల్ట్ నేల మీద జారోసైట్ ఎలా ఏర్పడుతుందో చేత్తో పట్టుకుని పరిశీలించే వీలు అక్కడ ఉంది. అంగారకుడి నుంచి వచ్చే వర్ణపటాలను సరిగ్గా చదవాలంటే ఇలాంటి పోలిక తప్పనిసరి.

స్పిరిట్: అంచనా తప్పిన చోట అనుకోని ఫలితం

ఆపర్చునిటీ జంట రోవర్ స్పిరిట్ 2004 జనవరి 4న గుసేవ్ బిలంలో దిగింది. ఒక పెద్ద లోయ ఆ బిలంలోకి వచ్చి కలుస్తున్నందున అది పాత సరస్సు అయి ఉంటుందని శాస్త్రవేత్తలు ఆశించారు. కానీ దిగిన మైదానంలో అన్నీ బసాల్ట్ రాళ్లే. వాటిలో ఆలివిన్ నిక్షేపంగా ఉంది. సరస్సు అడుగు ఎప్పుడో ఉండి ఉన్నా, తర్వాత వచ్చిన లావా దాన్ని కప్పేసిందన్నమాట. లోయ ఆకారం ఇచ్చిన ఆశను ఒక ఆకుపచ్చ ఖనిజం సరిదిద్దింది.

స్పిరిట్ అక్కడితో ఆగకుండా దూరంగా కనిపిస్తున్న కొలంబియా కొండలకు చేరింది. అక్కడి రాళ్లలో గోథైట్ దొరికింది. కార్బొనేట్ అధికంగా ఉన్న రాయి కూడా బయటపడింది. 2006 మార్చిలో రోవర్ ముందరి కుడి చక్రం తిరగడం మానేసింది. అప్పటి నుంచి ఆ చక్రాన్ని ఈడ్చుకుంటూ రోవర్ వెనక్కి నడిచింది. ఈడ్చిన చక్రం నాగలి కర్రులా నేలను చీల్చింది. 2007లో అలా చీలిన చాలులో తెల్లని మట్టి బయటపడింది. పరీక్షిస్తే అది దాదాపు 90 శాతం సిలికా. వేడినీటి బుగ్గ గానీ, ఆవిరి రంధ్రం గానీ ఉన్నచోటే ఇంత శుద్ధమైన సిలికా పేరుకుంటుంది. భూమి మీద అలాంటి చోట్ల సూక్ష్మజీవులు సమృద్ధిగా బతుకుతాయి.

క్యూరియాసిటీ: రాతిపొడిలో కనిపించిన సరస్సు

ఆపర్చునిటీకి ఆమ్ల జలం జాడ దొరికింది. స్పిరిట్‌కు వేడినీటి జాడ దొరికింది. సాధారణ జీవులకు అనువైన, ఆమ్లగుణం లేని నీరు నిలిచిన చోటు ఇంకా దొరకలేదు. 2012 ఆగస్టు 6న 154 కిలోమీటర్ల వెడల్పున్న గేల్ బిలంలో దిగిన క్యూరియాసిటీ పని అదే. ఆ రోవర్ కెమిన్ అనే కొత్త సాధనాన్ని తీసుకెళ్లింది. మరో గ్రహం మీద ఎక్స్-రే వివర్తనం జరిపిన తొలి పరికరం అది.

రాత్రివేళ సన్నని పట్టుగుడ్డ గుండా దూరపు వీధి దీపాన్ని చూస్తే దీపం చుట్టూ వెలుగు చుక్కలు వరుసగా కనిపిస్తాయి. గుడ్డ నేత ఎంత దగ్గరగా ఉందో దాన్ని బట్టి చుక్కల మధ్య దూరం మారుతుంది. ఖనిజ స్ఫటికంలోని పరమాణువుల వరుసలు కూడా అలాంటి నేతే. కాకపోతే అది చాలా సూక్ష్మమైనది కాబట్టి మామూలు కాంతి పనికిరాదు, ఎక్స్-కిరణాలు కావాలి. ఆ కిరణాలు ఖనిజపు పొడిగుండా వెళ్లి అవతల వలయాలుగా పడతాయి. వలయాల మధ్య దూరాలు ఒక్కో ఖనిజానికి ఒక్కో రకంగా ఉంటాయి. వేలిముద్రలను బట్టి మనిషిని గుర్తించినట్లు, ఆ వలయాలను బట్టి ఖనిజాన్ని గుర్తించవచ్చు.

భూమి మీది ప్రయోగశాలల్లో ఈ యంత్రం బీరువా అంత ఉంటుంది. కెమిన్‌ను రోవర్ కడుపులో పట్టేంత చిన్నదిగా చేశారు. ముందు రోవర్ రాతిలో సుమారు 6 సెంటీమీటర్ల లోతు రంధ్రం చేస్తుంది. వచ్చిన పొడిని 150 మైక్రాన్ల జల్లెడలో పట్టి, చిటికెడు పొడిని కెమిన్‌లోని చిన్న గదిలో పోస్తుంది. చేటలో బియ్యం చెరిగినట్లు ఆ గది కంపిస్తూ ఉంటుంది. దాంతో పొడి రేణువులు అన్ని వైపులా తిరిగి, ఎక్స్-కిరణాలకు వాటి పరమాణు వరుసలు అన్ని కోణాల్లో కనిపిస్తాయి.

2013 ఫిబ్రవరిలో ఎల్లోనైఫ్ బే అనే చోట జాన్ క్లైన్ అని పేరు పెట్టిన బురదరాతిని క్యూరియాసిటీ తవ్వింది. బయట అంతా ఎర్రటి ధూళి. లోపలి నుంచి వచ్చిన పొడి మాత్రం బూడిద రంగులో ఉంది. కెమిన్ ఫలితంలో దాదాపు 20 శాతం స్మెక్టైట్ బంక ఖనిజం తేలింది. అంతకుముందు దగ్గర్లోనే పరీక్షించిన ఇసుకతో పోలిస్తే ఈ రాతిలో ఆలివిన్ బాగా తగ్గిపోయింది. అదే సమయంలో బంక ఖనిజం, మాగ్నటైట్ పెరిగాయి. అంటే బంకమట్టి ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి చేరినది మాత్రమే కాదు. ఆలివిన్ అక్కడి నీటిలోనే నాని బంక ఖనిజంగా మారింది.

మరో సాధనం ఇదే పొడిని వేడిచేసి చూసింది. మామూలు తేమ తక్కువ వేడికే పోతుంది. కానీ ఈ పొడి నుంచి 700 డిగ్రీల సెల్సియస్ దాటాక కూడా నీటి ఆవిరి వచ్చింది. స్ఫటికం లోపల గట్టిగా బంధించి ఉన్న హైడ్రాక్సిలే అలా వస్తుంది. ఒక పరికరం చెప్పిన మాటను ఇంకో పరికరం ఇలా వేరే దారిలో ధ్రువపరిచింది.

ఈ సాక్ష్యాలన్నీ కలిపి చూస్తే అక్కడి సరస్సు నీటిలో ఆమ్లగుణం లేదు, ఉప్పు కూడా ఎక్కువ లేదు. మనిషి తాగడానికి కూడా పనికొచ్చే నీరు అయి ఉంటుందని శాస్త్రవేత్తలు 2013 మార్చిలో చెప్పారు. జీవం ఉండేదని దీని అర్థం కాదు. సూక్ష్మజీవులు బతకడానికి కావలసిన పరిస్థితులు 300 కోట్ల ఏళ్లకు పూర్వం అక్కడ ఉండేవని మాత్రమే అర్థం.

కొండ ఎక్కుతూ కాలాన్ని చదవడం

గేల్ బిలం మధ్యలో 5 కిలోమీటర్లకు పైగా ఎత్తున్న షార్ప్ పర్వతం ఉంది. అది పొరలు పొరలుగా పేరుకున్నది. కింది పొర పాతది, పై పొర కొత్తది. కాబట్టి కొండ ఎక్కుతున్నకొద్దీ రోవర్ కాలంలో ముందుకు వస్తున్నట్లే. కింది పొరల్లో బంక ఖనిజాలు ఎక్కువ. పైకి వెళ్లేకొద్దీ అవి తగ్గి సల్ఫేట్లు పెరుగుతాయి. సరస్సులు నిండుగా ఉన్న రోజుల నుంచి నీరు ఎండి లవణాలు మిగిలిన రోజుల వరకు వాతావరణం మారిన వైనం ఈ వరుసలో ఉంది.

ఆ సల్ఫేట్ పొరల్లోనే చాలాకాలంగా వెతుకుతున్న మరో ఖనిజం దొరికింది. పూర్వం నీరు పారాలంటే అంగారకుడికి కార్బన్ డయాక్సైడ్ దండిగా ఉన్న దట్టమైన వాతావరణం ఉండి ఉంటుందని చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తారు. అలాంటప్పుడు నేలలో కార్బొనేట్లు విస్తారంగా ఉండాలి. కక్ష్య నుంచి చూస్తే అవి చాలా తక్కువగా కనిపించాయి. 2022, 2023లలో తవ్విన కొన్ని రాళ్లలో బరువులో సుమారు 5 నుంచి 10 శాతం దాకా సిడరైట్ అనే ఇనుప కార్బొనేట్ ఉన్నట్లు కెమిన్ తేల్చింది. ఈ ఫలితం 2025 ఏప్రిల్‌లో సైన్స్ పత్రికలో వచ్చింది. రాతిలోని మెగ్నీషియం సల్ఫేట్ లవణాల సంకేతం సిడరైట్ సంకేతాన్ని కప్పివేయడం వల్ల అది కక్ష్య నుంచి కనిపించి ఉండకపోవచ్చని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఆనాటి వాతావరణంలో కొంత భాగం రాతిలో బందీ అయిందన్నమాట.

ఖనిజాలు ఎప్పుడూ అనుకున్న కథే చెప్పవు. 2015లో తవ్విన బక్‌స్కిన్ అనే రాతిలో ట్రిడిమైట్ కనిపించింది. భూమి మీద అది ఎక్కువగా సిలికా అధికంగా ఉన్న అగ్నిపర్వతాల్లో, బాగా వేడి మీద పుడుతుంది. సరస్సు అడుగున అది ఎలా చేరింది? దూరంగా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద సరస్సులోకి కొట్టుకొచ్చి ఉంటుందన్నది తర్వాత వచ్చిన ఒక వివరణ. సరస్సు బురదలో దొరికిన ప్రతి ఖనిజమూ సరస్సు నీటిలోనే పుట్టి ఉండనక్కరలేదని ఈ ఉదంతం చెబుతోంది.

లేజర్‌తో రాతిని అడగడం

తవ్వడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రతి రాతినీ తవ్వలేం. అందుకే క్యూరియాసిటీ దాదాపు 7 మీటర్ల దూరం నుంచే రాతిపై లేజర్ కిరణం వేస్తుంది. ఆ వేడికి రాతి మీది అతి చిన్న చుక్క ఆవిరై వెలుగుతుంది. ఆ వెలుగును విశ్లేషిస్తే ఏ మూలకాలున్నాయో తెలుస్తుంది. 2023 ఆగస్టులో చంద్రుడి దక్షిణ ధ్రువ ప్రాంతం వైపు దిగిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ రోవర్ గంధకాన్ని గుర్తించింది ఈ పద్ధతిలోనే. అయితే లేజర్ ఇలా చెప్పేది మూలకాల గురించి. ఆసక్తికరమైన రాయిని ఏరడానికి అది పనికొస్తుంది. ఖనిజాన్ని నిర్ధారించడానికి మరో సాధనం తోడు కావాలి.

పర్సెవరెన్స్: తుది తీర్పు ఇంకా రాలేదు

2021 ఫిబ్రవరిలో జెజెరో బిలంలో దిగిన పర్సెవరెన్స్ దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. 45 కిలోమీటర్ల వెడల్పున్న ఆ బిలంలోకి ఒకప్పుడు నది వచ్చి డెల్టా కట్టింది. బిలం అడుగున మాత్రం మొదట అగ్నిశిలలే ఎదురయ్యాయి. వాటిలోని ఆలివిన్ కొంత మేర నీటి వల్ల కార్బొనేట్‌గా మారింది. ఈ రోవర్‌లో అతి సన్నని ఎక్స్-రే పుంజంతో రాతి ఉపరితలంపై మూలకాల పటాన్ని గీసే పిక్సెల్, అతినీలలోహిత లేజర్‌తో కర్బన పదార్థాలను, ఖనిజాలను వెతికే షెర్లాక్ అనే సాధనాలున్నాయి. కెమిన్ లాంటి పొడి వివర్తన యంత్రం లేదు. దాని ప్రధాన లక్ష్యం భూమికి తేదగ్గ నమూనాలను గొట్టాల్లో భద్రపరచడం.

2024 జులైలో నది పారిన పాత లోయలో చెయావా ఫాల్స్ అని పేరు పెట్టిన బురదరాయి ఎదురైంది. దాని మీద చిరుతపులి మచ్చల్లాంటి గుర్తులున్నాయి. ముదురు అంచులు, లేత నడుమ. ఆ మచ్చల్లో ఇనుప ఫాస్ఫేట్ అయిన వివియనైట్, ఇనుప సల్ఫైడ్ అయిన గ్రైగైట్ ఉండవచ్చని 2025 సెప్టెంబరులో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తెలిపింది. అదే రాతిలో కర్బన పదార్థం సంకేతాలూ దొరికాయి. భూమి మీద సరస్సు అడుగు బురదలో, చిత్తడి నేలల్లో సేంద్రియ పదార్థం కుళ్లుతున్న చోట సూక్ష్మజీవుల చర్య వల్ల ఇలాంటి ఖనిజాలు ఏర్పడతాయి.

అయితే ఇవి జీవం లేకుండా కూడా ఏర్పడగలవు. అందుకు మామూలుగా ఎక్కువ వేడి వంటి పరిస్థితులు కావాలి. ఆ రాళ్లలో అంత వేడి తగిలిన జాడలు కనిపించలేదని పరిశోధకులు అంటున్నారు. అందుకే దీన్ని జీవపు ఆనవాలు అనకుండా, ఆనవాలు కావడానికి అవకాశమున్న గుర్తు అని జాగ్రత్తగా పిలుస్తున్నారు. పైగా వివియనైట్, గ్రైగైట్ అన్న గుర్తింపు ప్రధానంగా మూలకాల పాళ్లను బట్టి చేసినది. వైకింగ్ కాలం నాటి పాఠం ఇక్కడా వర్తిస్తుంది. మూలకాలు దారి చూపుతాయి, స్ఫటిక నిర్మాణం చూస్తేనే ఖనిజం ఖాయమవుతుంది.

ఆ రాతి నుంచి తీసిన నమూనాను సఫైర్ కాన్యన్ అనే పేరుతో పర్సెవరెన్స్ ఒక గొట్టంలో మూసి ఉంచింది. అది భూమికి చేరితే ప్రయోగశాలల్లో ఎక్స్-రే వివర్తనంతో ఖనిజాలను తేల్చవచ్చు. వాటిలోని ఇనుము, గంధకం ఐసోటోపుల పాళ్లను కొలిచి సూక్ష్మజీవుల పాత్ర ఉందో లేదో పరీక్షించవచ్చు. అప్పటిదాకా ఆ మచ్చలు వివరణ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి.

ఇప్పటివరకు ఖనిజాల ద్వారా ఖాయమైనది తక్కువేమీ కాదు. అంగారకుడి మీద ఒక చోట ఆమ్ల జలం, ఒక చోట వేడినీటి బుగ్గ లేదా ఆవిరి రంధ్రం, ఒక చోట తాగదగిన సరస్సు ఉండేవి. ఆ సరస్సు క్రమంగా ఎండి లవణాలు మిగిలాయి. మూడు వందల కోట్ల ఏళ్ల కిందట ఇగిరిపోయిన నీటి రుచిని కూడా చెప్పగలగడం చిటికెడు రాతిపొడిని ఓపికగా చదవడం వల్లే సాధ్యమైంది.